ఒడ్డు కనిపించే నీళ్లలో ఒంటరి సరంగు

జూలై నెలలో మధ్యాహ్నం మూడు గంటలయ్యేసరికి అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ అఖాతం నూనె పోసినట్లు నునుపెక్కుతుంది. ఉదయం నుంచి పడవను ఉత్తరానికి తోసుకొచ్చిన దక్షిణపు గాలి అలసి నిలిచిపోగా తెరచాప ముడతలు పడి స్తంభానికి వేలాడుతుంది. తూర్పు ఒడ్డు ఉక్కపొగలో కరిగి సన్నని గీతగా మిగులుతుంది. పడమటి ఒడ్డున చెట్ల వరుసపైన తెల్లని మబ్బులు పత్తి బోరేలు పేర్చినట్లు ఒకదానిపై ఒకటి ఎక్కుతూ, అడుగున నీలిమందు రంగు పులుముకుంటూ ఎదుగుతుంటాయి. ముప్పై అడుగుల పడవలో చుక్కాని పట్టుకొని ఒక్కరే కూర్చున్న మనిషికి ఒడ్డున ఇళ్ల కిటికీలు, రేవులో కట్టిన పడవల స్తంభాలు సైతం కనిపిస్తుంటాయి. గాలి లేదు, అల లేదు, నేల కనుచూపు మేరలోనే ఉంది. ఈ జలమార్గంలో ఒంటరి ప్రయాణికులు అన్నిటికంటే మెలకువగా ఉండవలసిన ఘడియ ఇదే.

తెరచాప పడవలో ఏకాంత యాత్ర అనే మాట కొన్నేళ్లుగా భారతీయ పాఠకులకు కొత్త కాదు. నావికాదళ అధికారి అభిలాష్ టామీ 2013లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూగోళాన్ని చుట్టివచ్చిన తొలి భారతీయుడయ్యారు. 2017 సెప్టెంబర్‌లో ‘తారిణి’ నౌకపై గోవా నుంచి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి 2018 మేలో తిరిగివచ్చిన ఆరుగురు మహిళా అధికారుల బృందంలో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి.ఐశ్వర్య ఉండటం తెలుగువారికి గర్వకారణమైంది. అదే ‘తారిణి’ నౌకపై దిల్నా, రూప అనే ఇద్దరు అధికారులు మరో తోడు లేకుండా 2024 అక్టోబర్ 2న బయలుదేరి 2025 మే 29న గోవా చేరుకోవడంతో ఈ సాహసంపై చర్చ మళ్లీ మొదలైంది. ఆ చర్చలో మహాసముద్రాల పేర్లే వినిపిస్తాయి. తీరాన్ని ఆనుకొని, ఊళ్ల పక్క నుంచి సాగే జలమార్గాల ప్రస్తావన వచ్చినప్పుడు అది వారాంతపు విహారమన్న భావన కలుగుతుంది. ఒంటరి నావికుల అనుభవం ఇందుకు భిన్నంగా ఉంటుంది. నడిసముద్రంలో పడవ చుట్టూ వందల మైళ్ల ఖాళీ ఉంటుంది కాబట్టి తుపాను వచ్చినా తెరచాప దించి పడవను గాలికి వదిలే వీలుంటుంది. తీరజలాల్లో ఆ ఖాళీ ఉండదు. పడవను పగలగొట్టేది సాధారణంగా గాలి కాదు, ఆ గాలి తీసుకెళ్లి పడేసే ఒడ్డు. కంటికి ఆశ్రయంలా కనిపించేదే అపాయమవుతుందన్న ఈ సత్యాన్ని చెసపీక్ మార్గం చూపినంత స్పష్టంగా చూపే జలాలు అరుదు.

మునిగిపోయిన నది

అమెరికా తూర్పు తీరం వెంబడి సముద్రానికి సమాంతరంగా, నదీముఖాలనూ ఉప్పుకయ్యలనూ తవ్వుడు కాలువలతో కలుపుతూ సాగే దారిని అంతర్‌తీర జలమార్గం అంటారు. పెద్దగంజాం నుంచి చెన్నై మీదుగా మరక్కాణం వరకు సాగిన బకింగ్‌హామ్ కాలువ ఎరిగినవారికి దాని స్వరూపం సులభంగానే మనసుకు వస్తుంది. ఆ దారికి మైలు లెక్క వర్జీనియా రాష్ట్రంలో నార్‌ఫోక్ రేవు దగ్గర సున్నాతో మొదలై దక్షిణంగా ఫ్లోరిడా వైపు సాగుతుంది. శీతకాలానికి దక్షిణానికి వలస పోయిన పడవలు వేసవి ముఖం పట్టగానే ఆ సున్నా మైలు దాటి, ఉత్తరాన చెసపీక్ అఖాతంలోకి ప్రవేశిస్తాయి.

ఆ అఖాతం ఒకప్పుడు నది. చివరి మంచుయుగం ముగిసి, కరిగిన మంచుతో సముద్రమట్టం పెరిగినప్పుడు ససక్వెహానా నది దిగువ లోయలోకి ఉప్పునీరు ఎక్కి వచ్చి, నదితోపాటు దాని ఉపనదుల ముఖాలనూ ముంచేసింది. అందుకే పటం మీద అది ఆకు ఈనెల్లా ఇరువైపులా వందల పాయలు చాచుకొని కనిపిస్తుంది. పాత నదీగర్భం నడుమ లోతైన గాడిగా మిగలగా, దానికిరువైపులా పూర్వం పొలాలూ అడవులూ ఉన్న చోటు ఇప్పుడు మొలలోతు, నిలువులోతు నీళ్ల మెరకగా ఉంది. ఆరడుగుల మనిషి తల తడవకుండా నడవగల చోటు ఈ అఖాతంలో ఏడు లక్షల ఎకరాలకు పైగా ఉంటుందని అక్కడి పరిరక్షణ సంస్థల లెక్క.

ఒంటరి ప్రయాణికుల కష్టాలకు మూలం ఈ మెరకలోనే ఉంది. లోతైన సముద్రంలో గాలి లేపిన అల పొడవుగా సాగి, పడవను ఎత్తి మెల్లగా దించుతుంది. లోతు తక్కువైన చోట అల సాగడానికి తావు లేక కురచగా, నిటారుగా లేస్తుంది. ఒక అల దాటి ముక్కు దించిన పడవ తిరిగి లేవకముందే రెండో అల వచ్చి పడుతుంది. అయిదారడుగుల ఎత్తే అయినా మూడు నాలుగు సెకన్లకొకటి చొప్పున వచ్చే అటువంటి అలలు చిన్న పడవను కదలనివ్వవు, అందులోని మనిషిని నిలబడనివ్వవు. పోటు, పాటు ప్రవాహం గాలికి ఎదురైనప్పుడు ఆ అలలు మరింత నిలువుగా లేస్తాయి. పటోమక్ నది కలిసే చోట మెరక, గాలి, ప్రవాహం ఈ మూడూ ఒక్కటైతే నావికులు దారి మళ్లడమో ఆగిపోవడమో చేస్తారు.

> చెసపీక్ కొలతలు
> పొడవు సుమారు 320 కిలోమీటర్లు. వెడల్పు ఉత్తరాన 6 కిలోమీటర్ల నుంచి దక్షిణాన దాదాపు 48 కిలోమీటర్ల వరకు. ఉపనదుల ముఖాలను కలుపుకొని సగటు లోతు 6.4 మీటర్లు మాత్రమే. అత్యంత లోతైన చోటు మేరీలాండ్‌లోని కెంట్ ద్వీపం దక్షిణ కొన దగ్గర, సుమారు 53 మీటర్లు. పాయలతో కలిపి ఒడ్డు పొడవు 18,800 కిలోమీటర్లు. అఖాతంలోకి వచ్చే మంచినీటిలో దాదాపు సగం ఒక్క ససక్వెహానా నది నుంచే వస్తుంది.

దక్షిణపు గాలి ఇచ్చే ధైర్యం, పడమటి మబ్బు ఇచ్చే గడువు

వేసవిలో ఉత్తరానికి వెళ్లడానికి ప్రకృతి ఒక సదుపాయం కల్పిస్తుంది. అట్లాంటిక్ సముద్రంపై బెర్ముడా దీవుల ప్రాంతంలో గాలి ఒత్తిడి అధికంగా ఉండే ఒక పెద్ద మండలం వేసవి పొడవునా నెలకొంటుంది. దాని చుట్టూ గాలి సవ్య దిశలో తిరుగుతుంది కాబట్టి ఆ మండలానికి పడమటి అంచున ఉన్న అమెరికా తీరానికి దక్షిణ, నైరుతి గాలులు అందుతాయి. నార్‌ఫోక్ నుంచి ఉత్తరాభిముఖంగా బయలుదేరిన పడవకు అది గాలివాటు ప్రయాణం. వెనుక నుంచి తగిలే గాలి తక్కువనిపిస్తుంది, పడవ తక్కువ ఒరుగుతుంది, ఒంటరి మనిషికి పని తేలికవుతుంది.

ఆ సుఖంలోనే ఒక భ్రమ దాగి ఉంది. పన్నెండు నాట్ల గాలి వెనుక వీస్తుండగా పడవ అయిదు నాట్ల వేగంతో అదే దిశలో పోతుంటే ముఖానికి తగిలేది ఏడు నాట్ల పిల్లగాలే. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్ల వేగం. గాలి పద్దెనిమిదికి పెరిగిన సంగతి పడవ మలుపు తిప్పి గాలికి ఎదురు నిలిచేదాకా శరీరానికి తెలియదు. తెరచాప కుదించవలసిన సమయం అప్పటికే దాటిపోయి ఉంటుంది.

అసలు ప్రమాదం మాత్రం పడమటి నుంచి వస్తుంది. అపలేచియన్ కొండల తూర్పు వాలులో పగలంతా కాగిన నేల మీది గాలి, దక్షిణం నుంచి వచ్చిన తేమను తీసుకొని పైకి లేచి, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు వరకు ఎదిగే క్యుములోనింబస్ మేఘంగా మారుతుంది. పైన చల్లబడి బరువెక్కిన గాలి, వాన ధారలతో కలిసి కుండ బోర్లించినట్లు కిందికి దూకి, నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది. వానకంటే ముందు వచ్చే ఈ చల్లని విసురునే తెలుగునాట ఈదురు గాలి అంటారు. మే నెల సాయంత్రాల్లో మామిడి తోటలను నేలరాల్చేదీ, పందిళ్లను పెకలించేదీ ఈ గాలే. 2018 మే 15న పాపికొండల దిగువన మంటూరు దగ్గర గోదావరిలో ప్రయాణికుల లాంచీ అకస్మాత్తుగా లేచిన గాలివానకు మునిగి పలువురు గిరిజనులు ప్రాణాలు కోల్పోయిన విషాదం తెలుగువారు మరవలేనిది. ఒడ్డు అక్కడ ఎంత దగ్గరో ఆ నదిని చూసినవారందరికీ తెలుసు. నీరు వేరు, పడవ వేరు. మేఘం స్వభావం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

గాలి తెరచాపపై చూపే ఒత్తిడి గాలి వేగంతోపాటు సమానంగా పెరగదు. వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. పది నాట్ల గాలి ముప్పై నాట్లకు పెరిగితే ఒత్తిడి మూడింతలు కాదు, తొమ్మిదింతలవుతుంది. నలభైకి చేరితే పదహారింతలు. నిమిషం క్రితం పడవను కదపలేక వేలాడిన గుడ్డే నిమిషం తరువాత పడవను పక్కకు పడుకోబెట్టగలదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడటం అవసరం. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో కదిలే ఉరుముల మేఘం పాతిక కిలోమీటర్ల దూరాన కనిపించిందనుకుంటే, అది చేరడానికి అరగంట పడుతుంది. అయిదు నాట్ల పడవ ఆ అరగంటలో నాలుగున్నర కిలోమీటర్లు మాత్రమే పోగలదు. అఖాతం నడుమ నుంచి సురక్షితమైన పాయ ముఖద్వారం చాలా చోట్ల అంతకు రెండు మూడు రెట్ల దూరంలో ఉంటుంది. ఆ ముఖద్వారం ఇసుక తిప్పల నడుమ ఇరుకుగా ఉంటుంది. వాన మొదలైతే దారి చూపే గుర్తు స్తంభాలు కంటికి ఆనవు. మేఘం కనిపించాక ఒడ్డుకు పరుగెత్తే పడవ సరిగ్గా గాలి విరుచుకుపడే క్షణానికి మెరక దగ్గర, రాతి కట్టల దగ్గర ఉంటుంది. అనుభవజ్ఞులు అటువంటప్పుడు ఒడ్డుకు వీపు చూపి, తెరచాపలన్నీ దించి, తలుపులు బిగించి, లోతున్న నడి అఖాతంలో గాలివానను భరించడానికే ఇష్టపడతారు. కొత్తవారి మనసు ఇందుకు అంత త్వరగా ఒప్పుకోదు. ఊరి దీపాలు కనిపిస్తుండగా వాటికి దూరంగా పోవడమే క్షేమమని నమ్మడానికి చదువు ఒక్కటే చాలదు.

వేసవి గాలివాన మధ్యాహ్నమే వస్తుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిలవదు. 2012 జూన్ 29న షికాగో పరిసరాల నుంచి బయలుదేరిన గాలివానల వరుస పన్నెండు గంటల్లో వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాలను రాత్రివేళ తాకి, అఖాతం మీదుగా సముద్రం వైపు సాగింది. వందల కిలోమీటర్ల మేర తిన్నని వరుసలో సాగే ఇటువంటి గాలివానను ‘డెరేచో’ అంటారు. స్పానిష్ భాషలో ఆ మాటకు తిన్ననిదని అర్థం. లంగరు వేసి నిద్రపోయిన పడవలకు ఆ రాత్రి గాలి రావడానికీ తెలియడానికీ మధ్య వ్యవధి లేకపోయింది.

> హెచ్చరికలో ఏముంటుంది?
> అమెరికా వాతావరణ సేవా విభాగం ఉరుముల గాలివానల కోసం ‘ప్రత్యేక సముద్ర హెచ్చరిక’ జారీ చేస్తుంది. 34 నాట్లు, అంటే గంటకు 63 కిలోమీటర్లు, లేదా అంతకు మించిన గాలులు, ముప్పావు అంగుళం వడగళ్లు, నీటి సుడిగొట్టాలు వచ్చే అవకాశం ఉన్నప్పుడు ఈ హెచ్చరిక వెలువడుతుంది. సాధారణంగా ఇది రెండు గంటలకు మించని స్వల్పకాలిక ప్రమాదాలకు వర్తిస్తుంది. పడవల్లో ఉండే వీహెచ్‌ఎఫ్ రేడియోలో వాతావరణ సమాచారానికి ప్రత్యేక ఛానెళ్లు ఉంటాయి. ఆపదలో సహాయం కోరడానికి 16వ ఛానెల్.

రెండు చేతులు, అయిదు పనులు

గాలి పెరిగినప్పుడు తెరచాప వైశాల్యాన్ని తగ్గించి కట్టడాన్ని రీఫ్ అంటారు. ఇద్దరున్న పడవలో ఒకరు చుక్కాని పట్టి పడవ ముక్కును గాలికి ఎదురుగా నిలిపితే, రెండోవారు స్తంభం దగ్గరకు వెళ్లి తాడు వదిలి, గుడ్డను సగానికి దించి బిగిస్తారు. ఒక్కరే ఉన్న పడవలో చుక్కానిని ఆటోపైలట్ అనే యంత్రానికి అప్పగించాలి. సరిగ్గా అవసరమైన వేళ, అంటే పెద్ద అలల్లో, చిన్న పడవల్లోని ఆ యంత్రం దారి నిలుపుకోలేక తడబడుతుంది. ఒగ్గిన తెరచాప చప్పుడు, వాన, తాళ్ల కొరడా దెబ్బల నడుమ ఒంటరి మనిషి ముందుకు పాకి, పని ముగించి, వెనక్కి పాకాలి. అందుకే ఏకాంత నావికులు రీఫ్ తాళ్లన్నిటినీ చుక్కాని దగ్గరికే వచ్చేలా అమర్చుకుంటారు. అంతకంటే ముఖ్యంగా, అవసరమనిపించకముందే తెరచాప కుదిస్తారు. ఆ పని అవసరమా అన్న సందేహం కలగడమే దానికి సమయం వచ్చిందనడానికి గుర్తని వారిలో పాత మాట ఒకటుంది.

అన్నిటికంటే భయంకరమైన అవకాశం వేరు. ఆటోపైలట్ నడుపుతున్న పడవ నుంచి జారి నీళ్లలో పడిన మనిషిని పడవ వదిలిపెట్టి, తెరచాపలు నిండుగా, తిన్నగా వెళ్లిపోతుంది. ఒడ్డు రెండు కిలోమీటర్లే కావచ్చు, నీరు గోరువెచ్చగా ఉండవచ్చు. బట్టలతో, అలల్లో, ఆ దూరం ఈదగలవారు ఎందరో ఉండరు. జూలై, ఆగస్టు నెలల్లో ఉప్పుదనం ఎక్కువైన అఖాతం నడిభాగం కుట్టే జెల్లీ చేపలతో నిండిపోతుంది. అమెరికా తీరరక్షక దళం ఏటా ప్రకటించే వివరాల ప్రకారం విహార పడవల మరణాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు నీట మునగడం వల్ల జరిగినవే. మునిగినవారిలో నూటికి ఎనభై మందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివారే. ఉక్కపోతలో జాకెట్ విప్పి పక్కన పెట్టాలనిపించడం సహజం. ఆ సహజమైన కోరికే ఈ గణాంకాల వెనుక ఉన్నది. ఒంటరివారు జాకెట్‌తోపాటు పడవ పొడవునా కట్టిన పట్టీకి తమను ఒక తాడుతో తగిలించుకొని తిరుగుతారు. నీళ్లలో పడ్డాక రక్షించే సాధనాల కంటే పడవలోనే ఉంచే తాడును వారు ఎక్కువగా నమ్ముతారు.

నిద్ర మరో సమస్య. అంతర్జాతీయ నౌకాయాన నియమాల్లోనూ, అమెరికా అంతర్గత జలాల నియమాల్లోనూ అయిదో నియమం ప్రతి నౌకా అన్ని వేళలా కంటితో, చెవితో కాపలా కాయాలని ఆదేశిస్తుంది. సముద్రం మధ్య ఒంటరి నావికులు ఇరవై, ముప్పై నిమిషాల కునుకులతో గడుపుతుంటారు. చెసపీక్‌లో అందుకూ తావు లేదు. బాల్టిమోర్ రేవుకు వెళ్లే భారీ నౌకలు పాత నదీగర్భాన్ని అనుసరించి తవ్విన పదిహేను మీటర్ల లోతు గాడిలో నుంచే పోవాలి. చిన్న పడవ కోసం అవి పక్కకు తప్పుకోలేవు, తక్షణం ఆగలేవు. ఆ గాడి వదిలి మెరక వైపు జరిగితే ఎండ్రకాయల వేటగాళ్లు వేసిన తేలుడు బెండ్లు వేలకొద్దీ అడ్డుపడతాయి. వాటి కింది తాడు ఒకటి ఇంజను రెక్కకు చుట్టుకుంటే, గాలి లేని వేళ పడవకు ఆ బలం కూడా పోతుంది. కనుక ఇక్కడ ఏకాంత యాత్ర అంటే పగటి యాత్ర. సూర్యోదయానికి లంగరు ఎత్తడం, మధ్యాహ్నం రెండు గంటలలోపే మరో పాయలో లంగరు దించడం.

ఆగడమనే విద్య

ఈ లెక్కన నార్‌ఫోక్ నుంచి అఖాతం ఉత్తరపు కొనకు ఆరేడు రోజులు పడుతుంది. తొలి రోజుల్లో పడమటి ఒడ్డున పియాంకటాంక్, గ్రేట్ వికోమికో నదుల ముఖాలు ఆశ్రయమిస్తాయి. తరువాత పటోమక్ ముఖం దాటాలి. అది దాదాపు పద్దెనిమిది కిలోమీటర్ల వెడల్పున తెరిచి ఉంటుంది. అక్కడి నుంచి పటుక్సెంట్ నది ముఖాన ఉన్న సాలమన్స్ ఊరు చేరితే లోతైన, నలువైపులా మూసిన రేవు దొరుకుతుంది. సాలమన్స్‌కు ఉత్తరంగా కాల్వర్ట్ కొండచరియలు మొదలవుతాయి. కోటి సంవత్సరాలకు పైబడిన సొరచేపల పళ్లు, తిమింగలాల ఎముకలు బయటపడే ఆ చరియలు చూడముచ్చటైనవి. కానీ వాటి పొడవునా లోతైన సహజ రేవు లేదు. ఆ ఒక్క రోజు ప్రయాణాన్ని నావికులు వాతావరణాన్ని ఒకటికి నాలుగుసార్లు చూసుకొని మొదలుపెడతారు. ఉదయం బయలుదేరాలా వద్దా అన్న ఆ పది నిమిషాల ఆలోచనలోనే ఆ రోజు క్షేమం చాలావరకు నిర్ణయమైపోతుంది. గాలివాన వచ్చాక చూపే నేర్పరితనం పత్రికలకెక్కుతుంది. రేవులోనే ఉండిపోయినవారి వివేకం ఎవరి కంటా పడదు.

పడవలో ఉండకూడని వస్తువు తేదీల పట్టిక అని నావికులంటారు. ఆదివారం నాటికి ఫలానా ఊరు చేరాలని, ఎవరో రేవులో ఎదురుచూస్తారని, సోమవారం ఉద్యోగానికి వెళ్లాలని ముందే నిర్ణయించుకున్నవారికి పడమటి మబ్బు చిన్నదిగా కనిపిస్తుంది. ఇద్దరుంటే రెండోవారు వద్దనగలరు. ఒంటరివారు వాదించుకోవలసింది తమతోనే. ఎండకు సొమ్మసిల్లి, నీరు తక్కువ తాగి, అయిదో రోజు నిద్ర చాలని శరీరం ఆ వాదనలో ఎప్పుడూ తేలికైన పక్షమే వహిస్తుంది. వేసవి ఏకాంత యాత్రలో ఉక్కపోతను కూడా గాలివానతో సమానమైన ప్రమాదంగా లెక్కించవలసింది అందుకే.

ఆగినచోట లంగరు పట్టాలి. చెసపీక్ పాయల అడుగున మెత్తని ఒండ్రు ఉంటుంది కాబట్టి లంగరు బాగా దిగుతుంది. అయితే నీటి లోతుకు అయిదు నుంచి ఏడు రెట్ల గొలుసు వదిలితేనే లాగుడు అడ్డంగా ఉండి లంగరు పూడుకుంటుంది. తక్కువ వదిలితే పైకి లాగినట్లై ఊడివస్తుంది. పక్క పడవలకు తగలకుండా అంత గొలుసు వదిలే చోటు ఎంచుకోవడం, పడమటి గాలి విసిరినప్పుడు ఎటు తిరుగుతుందో ముందే ఊహించడం సాయంత్రం చేయవలసిన చివరి పని. తరువాత పాయలో చీకటి పడుతుంది. కొంగలు గూళ్లకు చేరతాయి. దూరాన ఎక్కడో మెరుపు మెరిస్తే, ఇంజను ఆపిన పడవలో ఒక్కరే కూర్చొని ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టే మనిషికి ఆ లెక్క ఒక ఊరట. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు.

> చొక్కాలతో కుట్టిన తెరచాప
> 1608 వేసవిలో ఇంగ్లీషు నావికుడు జాన్ స్మిత్ పద్నాలుగు మందితో, ముప్పై అడుగుల తెరిచిన పడవలో జేమ్స్‌టౌన్ నుంచి ఈ అఖాతంలో ఉత్తరానికి బయలుదేరాడు. ఉరుముల గాలివానలో ముందు స్తంభం, తెరచాప కొట్టుకుపోగా, జనం లేని దీవుల్లో రెండు రోజులు చిక్కుకొని, తమ చొక్కాలతో తెరచాపను బాగుచేసుకున్నారు. ఆ దీవులకు అతడు నరకపు అంచు అనే అర్థంలో ‘లింబో’ అని పేరు పెట్టాడు. 1612లో అచ్చయిన అతని పటం తరువాతి కాలపు ప్రయాణికులకు చాలాకాలం ఆధారమైంది. అఖాతం లోపలికి వేల ఏళ్లుగా పడవలు నడుపుతున్న స్థానిక తెగలవారు చూపిన, చెప్పిన వివరాలు కూడా ఆ పటంలో ఉన్నాయి.

పటం చెప్పినచోట లేని నేల

ఒడ్డును నమ్మకూడదనడానికి చెసపీక్‌లో మరో కారణమూ ఉంది. ఆ ఒడ్డే కదిలిపోతోంది. చాప్టాంక్ నది ముఖాన షార్ప్స్ ద్వీపం వలస పాలన కాలంలో వందల ఎకరాల సాగుభూమి. కోత వల్ల అది ఇరవయ్యో శతాబ్దంలో పూర్తిగా నీట మునిగింది. దాని పేరు పెట్టుకున్న దీపస్తంభం మాత్రం 1970ల చివర మంచుగడ్డల తాకిడికి ఒక పక్కకు ఒరిగి, ఇప్పటికీ అలాగే నీళ్లలో నిలిచి ఉంది. లేని దీవికి గుర్తుగా నిలిచిన ఆ స్తంభాన్ని ఒంటరి ప్రయాణికులు కుడివైపు చూసుకుంటూ ఉత్తరానికి సాగుతారు. దక్షిణాన టాంజియర్ ద్వీపం 1850 నుంచి మూడింట రెండు వంతుల నేలను కోల్పోయింది. ఎండ్రకాయల వేటపై బతికే అక్కడి కుటుంబాలు తమ శ్మశానాలు నీటిపాలవడం కళ్లతో చూశాయి. భూమి కుంగడమూ సముద్రం పెరగడమూ కలిసి నార్‌ఫోక్ దగ్గర నీటిమట్టం దశాబ్దానికి నాలుగున్నర సెంటీమీటర్లకు పైగా పెరుగుతోంది. గాలివానలో తలదాచుకోవడానికి పాతవారు చెప్పిన దీవి చాటు, ఆ చాటు ఇచ్చిన అడవి ఇప్పుడు ఉండకపోవచ్చు. పడవలోని తెర మీద గీత కనిపించినంత మాత్రాన నీటిలో తిప్ప అక్కడే ఉంటుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు.

తెరచాపతో బతికినవారి జ్ఞానం కూడా తగ్గిపోతోంది. 1865లో మేరీలాండ్ ప్రభుత్వం ఆల్చిప్పలను గాలించే పడవలకు ఆవిరి యంత్రాలు వాడకూడదని నిషేధించడంతో అక్కడ తెరచాప వృత్తి ఇతర ప్రాంతాల కంటే ఎక్కువ కాలం నిలిచింది. ఆ చట్టపు నీడలో పుట్టిన స్కిప్‌జాక్ అనే ఒంటి స్తంభపు పడవల సరంగులకు ఏ పాయ ఏ గాలికి చాటవుతుందో, ఏ మబ్బు ఎంతసేపట్లో విరుచుకుపడుతుందో చేతివేళ్ల మీద లెక్క. 1967 నుంచి వారానికి రెండు రోజులు ఇంజను పడవ తోడుకు అనుమతి వచ్చింది. ఆల్చిప్పలు తరిగిపోవడంతో వందల్లో ఉన్న స్కిప్‌జాక్‌లు ఇప్పుడు కొన్ని పదులకు తగ్గి, వాటిలో చాలావరకు పాఠశాల పిల్లలను, పర్యాటకులను తిప్పుతున్నాయి. ఒంటరి విహారికి తెర మీద వాన రంగులు చూపే రాడార్ చిత్రం దొరికింది. పక్క పడవ నుంచి కేకవేసి మబ్బు సంగతి చెప్పే సరంగు దొరకడం కష్టమైంది. రెండింటిలో ఏది ఎక్కువ విలువైనదో ఫోన్ సిగ్నల్ అందని పాయలో మధ్యాహ్నం మూడు గంటలకు తెలుస్తుంది.

చివరి మలుపు

అన్నాపొలిస్ దగ్గర 1875 నాటి థామస్ పాయింట్ దీపగృహం, అడుగున నీటిలోకి మరల్లా బిగించిన ఇనుప స్తంభాలపై తెల్లని ఆరు పలకల ఇల్లులా నిలబడి కనిపిస్తుంది. దానికి ఉత్తరాన 1952లో కట్టిన ఏడు కిలోమీటర్ల వంతెన కింద నుంచి పడవ జారుకుంటుంది. అక్కడి నుంచి అఖాతం సన్నబడి, ఉప్పుదనం తగ్గి, జెల్లీ చేపలు కనుమరుగవుతాయి. ఒడ్డు రెండు పక్కలా దగ్గరవుతుంది. ససాఫ్రస్ నది దాటాక చెసపీక్–డెలావేర్ కాలువ ముఖం వస్తుంది. 1829లో తెరిచిన ఆ ఇరవై రెండు కిలోమీటర్ల కాలువ, డెల్మార్వా ద్వీపకల్పం చుట్టూ సముద్రంలో దాదాపు 480 కిలోమీటర్లు తిరిగే శ్రమను తప్పిస్తుంది. మొదట లాకులతో ఉన్న దాన్ని 1927 నాటికి సముద్రమట్టానికి తవ్వారు. అప్పటి నుంచి రెండు వైపుల పోటుపాట్ల తేడా వల్ల అందులో నీరు నదిలా పరుగెడుతుంది.

ఆ కాలువలో తెరచాపతో నడవడాన్ని నియమాలు అనుమతించవు. కనుక నార్‌ఫోక్ నుంచి గాలిని నమ్ముకొని వచ్చిన పడవ ఇక్కడ తెరచాపలు దించి, మడిచి, కట్టేస్తుంది. చెసపీక్ సిటీ ఊరి దగ్గర చిన్న కొలనులో లంగరు వేసి, ఒంటరి సరంగు పోటుపాట్ల పట్టిక ముందేసుకొని కూర్చుంటాడు. ప్రవాహం తూర్పుకు తిరిగేది రేపు తెల్లవారుజామున నాలుగు గంటలకైతే, మబ్బు లేకపోతే, నాలుగు గంటలకు బయలుదేరతాడు. మబ్బు ఉంటే ఆ మరుసటి పోటు వరకు ఆగుతాడు.